స్పోర్ట్స్ కూపే: పొదుపు ఎక్కడ చేశారో పట్టుకోవడం ఎలా?

ఈసారి వాహన సందేహాల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో కొన్ని ఒకే కోవకు చెందినవి. అందుబాటు ధరలో దొరికే స్పోర్ట్స్ కూపేను నడిపి చూసేటప్పుడు ఏం గమనించాలన్నదే వాటన్నింటి సారాంశం కనుక, వాటికి ఒకేచోట జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: రెండు తలుపుల స్పోర్ట్స్ కూపే కొనాలని ఏడాదిగా అనుకుంటున్నాను. మొన్న షోరూం వారు ఇరవై నిమిషాల టెస్ట్ డ్రైవ్ ఇచ్చారు. నడిపినంతసేపూ గాలిలో తేలినట్లే ఉంది. కానీ వెంట వచ్చిన మా బావగారు డ్యాష్‌బోర్డును వేలితో కొట్టి చూసి, "ఇది బొమ్మకారు ప్లాస్టిక్, దీనికి ఇంత డబ్బు పోస్తావా?" అన్నారు. అప్పటి నుంచి మనసు ముందుకూ వెనక్కూ ఊగుతోంది. మరోసారి నడిపే అవకాశం ఇస్తామంటున్నారు. కారు నాణ్యతను ఎలా తేల్చుకోవాలి?

జవాబు: మీ బావగారి చెవి మంచిదే గానీ, ఆయన కొట్టి చూసిన చోటు ఈ రకం కారు గురించి చెప్పేది చాలా తక్కువ. అందుబాటు ధరలో స్పోర్ట్స్ కూపే తయారు చేయడమంటే, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బును ఎక్కడ ధారాళంగా ఖర్చు పెట్టాలి, ఎక్కడ చెయ్యి బిగబట్టాలి అన్న లెక్కతో మొదలయ్యే పని. ఈ తరగతి పుట్టిందే ఆ లెక్కలోంచి. 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ అందమైన పై తొడుగు కింద దాచుకున్నది అదే సంస్థవారి ఫాల్కన్ అనే సాదాసీదా కుటుంబ కారు భాగాలనే. అయినా మొదటి 12 నెలల్లోనే నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. యూరప్‌లో 1969లో వచ్చిన ఫోర్డ్ కాప్రీ, కోర్టినా అనే మామూలు కుటుంబ కారు భాగాలను వాడుకుంది, జపాన్‌లో 1983లో వచ్చి ఏఈ86 అన్న సంకేతంతో పేరుబడ్డ టొయోటా కూపే పుట్టింది కరోలా ఇంట్లోనే. కాబట్టి ఇలాంటి కారులో పొదుపు కనిపించిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అది ఎక్కడ కనిపించిందన్న దాని మీదే తీర్పు ఆధారపడి ఉంటుంది.

2012లో టొయోటా, సుబారు సంస్థలు కలిసి తీసుకొచ్చిన జంట కార్లు టొయోటా 86, సుబారు బీఆర్‌జెడ్ దీనికి మంచి ఉదాహరణ. లోపలి ప్లాస్టిక్ మీ బావగారికి అస్సలు నచ్చేది కాదు. అయితే ఆ కార్లలో సిలిండర్లను పడుకోబెట్టిన బాక్సర్ ఇంజన్‌ను వీలైనంత కిందికి దించి అమర్చారు, వెనుక చక్రాలకు శక్తినిచ్చే ఏర్పాటు చేశారు, చాలా వేరియంట్లలో మలుపులో ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ పెట్టారు, బరువును సుమారు 1,250 కిలోల దగ్గర ఆపారు. డబ్బంతా వేలితో కొట్టి చూడటానికి అందని చోట్లకు వెళ్లింది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ కార్లకు వేసిన 17 అంగుళాల, 215 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు ప్రియస్ అనే ఇంధన పొదుపు కారుకూ వేసిన రకమే. చూసినవాళ్లు నవ్వారు. కానీ టైరుకు మరీ పట్టు ఎక్కువైతే కారు జారే అంచు ప్రమాదకరమైన వేగాల దాకా వెళ్లిపోతుంది. పట్టు కాస్త తక్కువైతే ఆ అంచు ఏమిటో మామూలు వేగంలోనే నడిపేవారికి తెలిసివస్తుంది. అక్కడ కనిపించినది పిసినారితనం కాదు, ఆలోచించి చేసిన ఎంపిక. ఈ రెండింటికీ తేడా పట్టుకోగలిగితే మీ పని సగం అయినట్లే.

ప్లాస్టిక్ విషయాన్ని ముందు ముగిద్దాం. గట్టిగా ఉండటం దోషం కాదు, కదలడం దోషం. వేలితో కొట్టే బదులు, మోకాలు ఆనే చోట, తలుపు లోపలి పిడి దగ్గర, గేర్ రాడ్ చుట్టూ ఉన్న చట్రం మీద అరచేతితో నొక్కి చూడండి. స్క్రూలు సరిగ్గా బిగించిన గట్టి ప్లాస్టిక్ పదేళ్లయినా నోరెత్తదు. పైన మెత్తటి తొడుగు వేసి లోపల నాసిరకం క్లిప్పులతో సరిపెట్టినది రెండో వేసవికే కీచురాయిలా అరవడం మొదలుపెడుతుంది. ఆ అరుపును తరువాత మాన్పించడం మెకానిక్‌కు కూడా కష్టమే, ఎందుకంటే అది ఎక్కడి నుంచి వస్తోందో తేలడానికే రోజులు పడుతుంది.

ఇక రెండో టెస్ట్ డ్రైవ్. ముందుగానే ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దని కోరండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి వేసి చూడండి. వేడెక్కిన ఇంజన్ తన లోపాలను చాలావరకు దాచేస్తుంది. చల్లటి ఇంజన్‌కు ఆ తెలివి లేదు. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో వచ్చే శబ్దం, మొదటి గేర్ నుంచి రెండో గేర్‌లోకి మారేటప్పుడు చేతికి తగిలే మొరాయింపు, క్లచ్ పట్టుకునే తీరు అన్నీ అప్పుడే నిజం చెబుతాయి. చాలా చోట్ల సేల్స్ సిబ్బంది మీరు కూర్చునేలోపే ఏసీ, పాటలు పెట్టి సిద్ధంగా ఉంచుతారు. అది మర్యాద కోసమే కావచ్చు గానీ, రెండూ మొహమాటం లేకుండా ఆపేయించండి.

కదలకముందే తలుపు దగ్గర ఒక నిమిషం గడపండి. కూపే తలుపు మామూలు కారు తలుపు కంటే పొడుగూ బరువూ ఎక్కువ, ఆ బరువంతా ముందున్న రెండు కబ్జాల మీదే వేలాడుతుంది. తలుపును సగం తెరిచి, దాని చివరి అంచును కింద నుంచి పట్టుకొని మెల్లగా పైకి ఎత్తండి. ఏమాత్రం ఎగిసినా, టక్కుమన్నా కబ్జాలు బలహీనంగా ఉన్నాయనో, అప్పటికే అరిగాయనో అర్థం. చాలా కూపేల అద్దానికి చుట్టూ ఫ్రేమ్ ఉండదు; పిడి లాగగానే అద్దం కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగి, తలుపు వేశాక మళ్లీ పైకి వెళ్లి రబ్బరు బీడింగ్‌లో ఒదుగుతుంది. నాలుగైదు సార్లు తెరిచి మూసి, అది ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందో లేదో చూడండి. తరువాత గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చెవి అటువైపు పెడితే, బీడింగ్ పనితనం తెలిసిపోతుంది: ఈల వినిపిస్తే అది సరిగ్గా ఒదగలేదని, ఏమీ వినిపించకపోతే బాగుందని.

సీటును సేల్స్ అబ్బాయి సర్దిన చోట వదిలేయకుండా మీరే సర్దుకోండి. క్లచ్‌ను చివరిదాకా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద వాలాలి. అలా కుదిరాక, పెడల్స్ మీ పాదాలకు తిన్నగా ఉన్నాయా, ఒక పక్కకు జరిగి ఉన్నాయా గమనించండి. నడుము మెలిక ఇరవై నిమిషాల్లో తెలియదు, రెండు గంటల ప్రయాణంలో తెలుస్తుంది, అప్పటికి డబ్బు కట్టేసి ఉంటారు.

నడిపేటప్పుడు వేగం కోసం తొందరపడకండి. వేగంగా వెళ్తే ఏ కారైనా ఉత్సాహంగానే ఉంటుంది, మీరు మొదటిసారి గాలిలో తేలింది కూడా అందుకే. ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో తిన్నగా వెళ్తూ, స్టీరింగ్‌ను ఒక్క వేలు వెడల్పు మాత్రమే తిప్పండి. ముక్కు వెంటనే కదిలిందా, లేక మధ్యలో ఏమీ జరగని ఖాళీ జాగా ఉందా? తరువాత ఒక పొడుగాటి మలుపు తీసుకోండి. టైరు మీద ఒత్తిడి పెరిగేకొద్దీ స్టీరింగ్ బరువు కూడా క్రమంగా పెరగాలి. ఇప్పుడు దాదాపు అన్ని కార్లలో స్టీరింగ్‌కు సాయం చేసేది ఎలక్ట్రిక్ మోటారే కాబట్టి, బరువును కృత్రిమంగా ఎంతైనా పెంచవచ్చు. మొదటి నుంచి చివరిదాకా ఒకేలా బరువుగా ఉండే స్టీరింగ్ చేతులకు వ్యాయామం ఇస్తుందే తప్ప రోడ్డు కబురు చెప్పదు. బ్రేకును కూడా మొదటి సెంటీమీటరులోనే అంచనా వేయాలి. పాదం కింద గుడ్డు ఉన్నట్లు మెల్లగా నొక్కండి. ఎంత బలం పెడితే అంత పట్టు దొరకాలి. పెడల్ మెత్తగా లోపలికి పోయి ఒక్కసారిగా పట్టుకునే బ్రేకు మొదట పదునుగా అనిపించినా, ట్రాఫిక్‌లో ప్రతిసారీ తల ఊపిస్తుంది. వెనుక ఎవరూ లేని చోట, పక్కనున్నవారికి చెప్పి, 60 నుంచి మూడుసార్లు గట్టిగా ఆపి చూడండి; మూడోసారి పెడల్ మొదటిసారి కంటే లోతుకు పోతే, లేదా స్టీరింగ్ వణికితే, కారణం అడగాల్సిందే.

నా దృష్టిలో అన్నింటికంటే విలువైన పరీక్ష పాడైన రోడ్డు. సేల్స్‌వారు సాధారణంగా అటువైపు తీసుకెళ్లరు, మీరే అడగాలి. 30 కిలోమీటర్ల వేగంలో ఒక వైపు చక్రాన్ని చిన్న గుంతలోంచి పోనివ్వండి. మంచి సస్పెన్షన్ "దబ్" అని ఒక్కసారి అని ఊరుకుంటుంది, స్ప్రింగులు ఎంత బిరుసుగా ఉన్నా సరే. నాసిరకం షాక్ అబ్జార్బర్లు ఉన్న కారు ఆ దెబ్బ తరువాత ఇంకో రెండుసార్లు ఊగుతుంది, లేకపోతే దెబ్బను నేరుగా స్టీరింగ్ కాడలోకి పంపుతుంది. బిరుసుగా ఉంటేనే స్పోర్ట్స్ కారు అన్న నమ్మకం చాలామందిలో ఉంది. అదుపు లేని బిరుసుతనం ఎడ్లబండికి ఉంటే చాలు, కారుకు అక్కర్లేదు. ఆ తరువాత ఒక స్పీడ్ బ్రేకరును ఏటవాలుగా, చాలా మెల్లగా ఎక్కండి. నాలుగు చక్రాలు నాలుగు వేర్వేరు క్షణాల్లో పైకి లేచేటప్పుడు కారు ఒళ్లంతా మెలిపడుతుంది. డిక్కీ తలుపు దగ్గరా, వెనుక సీటు పక్కనా కిర్రుమన్న చప్పుళ్లు వస్తే ఆ ఒంటిలో గట్టిదనం తక్కువని లెక్క. కారు అడుగు ఎత్తు తక్కువ కాబట్టి నేలకు రాసుకోకుండా చూసుకోవడం మీ పూచీ.

తీర్పు చెప్పే ముందు టైర్ల గాలి చూడమని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇందులో నేనే ఒకసారి బోల్తాపడ్డాను. ఒక కూపేను అరగంట నడిపి, రాతి మీద కూర్చున్నట్లుందని నోటుపుస్తకంలో రాసుకొని దిగిపోయాను. ఎందుకో అనుమానం వచ్చి గాలి కొలిపిస్తే, 33 పీఎస్‌ఐ ఉండాల్సిన చోట 42 ఉంది. నిలబెట్టిన కార్ల టైర్లు చదును కాకుండా ఎక్కువ గాలి కొట్టి వదిలేశారట. మర్నాడు సరిచేసిన తరువాత నడిపితే అది వేరే కారు. ఉండాల్సిన గాలి ఎంతో చాలా కార్లలో డ్రైవరు తలుపు పక్క స్తంభానికి అంటించిన కాగితం మీద రాసి ఉంటుంది.

ప్రశ్న: నేను నడిపి చూసిన కూపే కరపత్రంలో 200 హార్స్‌పవర్ అని ఉంది. కానీ ఊరి ట్రాఫిక్‌లో మా ఇంట్లోని చిన్న టర్బో సెడాన్‌కున్న పికప్ కూడా కనిపించలేదు. కారులో లోపమా, నా అంచనాలో లోపమా?

జవాబు: రెండూ కావు. హార్స్‌పవర్ అనేది ఇంజన్ తిప్పే బలాన్ని (దీన్నే టార్క్ అంటారు), తిరిగే వేగాన్ని గుణిస్తే వచ్చే అంకె. న్యూటన్ మీటర్లలో టార్క్‌ను నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. పైన చెప్పిన 2012 నాటి టొయోటా 86నే తీసుకుంటే, దాని 200 హార్స్‌పవర్ దొరికేది 7,000 చుట్ల దగ్గర. గరిష్ఠ టార్క్ 205 న్యూటన్ మీటర్లు కూడా 6,400 దాటాకే. మీరు ట్రాఫిక్‌లో వాడేది 3,000 చుట్లనుకుందాం. అక్కడ ఆ 205 పూర్తిగా దొరికినా చేతికొచ్చేది 64 కిలోవాట్లు, అంటే సుమారు 86 హార్స్‌పవర్ మాత్రమే. పైగా ఆ ఇంజన్‌కు 4,000 చుట్ల పరిసరాల్లో టార్క్ కాస్త కుంగే గుణం ఉంది. 2021లో వచ్చిన తరువాతి తరంలో ఇంజన్‌ను 2.4 లీటర్లకు పెంచి, 250 న్యూటన్ మీటర్లను 3,700 చుట్ల దగ్గరే అందేలా చేయడానికి కారణం మీలాంటివారి ఫిర్యాదులే అయి ఉంటాయని నా ఊహ. చిన్న టర్బో ఇంజన్ తన బలాన్నంతా కిందే ఇచ్చేస్తుంది కాబట్టి ఊర్లో చురుగ్గా అనిపిస్తుంది.

కనుక మూడో గేర్‌లో 40 నుంచి 80 దాకా గేర్ మార్చకుండా ఒకసారి, రెండో గేర్‌లో ఇంజన్‌ను బాగా తిరగనిచ్చి ఒకసారి నడిపి చూడండి. రెండో అనుభవం కోసం మొదటిదాన్ని భరించగలరనిపిస్తే ఆ కారు మీకు సరిపోతుంది. ప్రతి సిగ్నల్ దగ్గరా గేర్ దించడం చిరాకనిపిస్తే, అది ఎంత నాణ్యమైన కారైనా మీకు కాదు.

ప్రశ్న: స్పోర్ట్ బటన్ నొక్కగానే కారు మారిపోయినట్లయింది, శబ్దం కూడా గంభీరంగా వచ్చింది. ఇది నిజమైన శక్తేనా?

జవాబు: చాలా కార్లలో ఆ బటన్ మార్చేది యాక్సిలరేటర్ లెక్కను. మామూలుగా పెడల్‌ను సగం తొక్కితే ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి ఎంత తెరుచుకుంటుందో, ఈ బటన్ నొక్కాక పావు వంతు తొక్కగానే అంత తెరుచుకుంటుంది. రెండు పద్ధతుల్లోనూ పెడల్‌ను చివరిదాకా తొక్కి పోల్చండి. తేడా లేకపోతే ఇంజన్ పాతదే, తొందర మాత్రమే కొత్తది. దానితోపాటు స్టీరింగ్ బరువు, కొన్నింటిలో షాక్ అబ్జార్బర్ల బిరుసు నిజంగానే మారతాయి కాబట్టి అన్నీ నాటకమని కొట్టిపారేయలేం.

శబ్దం సంగతి వేరు. 2011 తరం బీఎండబ్ల్యూ ఎం5 వంటి ఖరీదైన కారులోనూ, 2015 నాటి నాలుగు సిలిండర్ల మస్టాంగ్‌లోనూ ఇంజన్ శబ్దానికి లోపలి స్పీకర్ల చేత వంత పాడించారు. టొయోటా 86లో అయితే ఇంజన్ గాలి పీల్చే శబ్దాన్నే ఒక గొట్టం ద్వారా లోపలికి తెచ్చారు. అది నాకు నిజాయితీగా తోస్తుంది. మీరు చూసిన కారులో ఏ పద్ధతి వాడారో తెలియాలంటే, అద్దాలు దించి ఒక పొడుగాటి గోడ పక్కన మెల్లగా వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కండి. గోడ తిప్పికొట్టేదే అసలు గొంతు.

ప్రశ్న: కొత్తది కొనే స్తోమత లేదు. ఆరేళ్ల పాత కూపే ఒకటి అమ్మకానికి వచ్చింది. సైలెన్సర్, స్ప్రింగులు మార్పించానని యజమాని గర్వంగా చెబుతున్నారు. వీటికి విలువ ఇవ్వాలా?

జవాబు: విలువ ఇవ్వడానికి ముందు, తీసేసిన అసలు భాగాలు ఇవ్వగలరా అని అడగండి. జాగ్రత్తపరుడైన యజమాని వాటిని గుడ్డ చుట్టి అటక మీద దాచి ఉంచుతాడు. ఏమయ్యాయో గుర్తులేదంటే, ఆ స్ప్రింగులు వేసిన తరువాత చక్రాల అలైన్‌మెంట్ చేయించారా అన్న ప్రశ్నకు కూడా అలాంటి జవాబే వస్తుంది. వంగి, ముందు టైర్ల లోపలి అంచును వేళ్లతో తడమండి. బయట నిండుగా ఉన్న టైరు లోపలివైపు తీగలు తేలేంతగా అరిగిపోయి ఉండటం ఇలాంటి కార్లలో నేను చాలాసార్లు చూశాను. టైరు పక్కగోడ మీద అచ్చుగుద్దిన నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి; 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లు నాలుగు సంస్థలవైతే, మిగిలిన ఖర్చులు కూడా అదే పద్ధతిలో చేశారనుకోవచ్చు.

యజమాని కారును ఎలా తోలాడో డ్రైవరు సీటు పక్క దిండు, క్లచ్, రెండో గేర్ చెబుతాయి. రోడ్డు మీద నాలుగో గేర్‌లో నిదానంగా వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఇంజన్ చుట్లు మాత్రమే ఎగిస్తే క్లచ్ ప్లేట్ అయిపోయింది. ఇంజన్ చల్లగా ఉండగా రెండో గేర్ గరగరలాడితే ఆ గేర్‌బాక్సును దయ లేకుండా వాడారు. వాలులో యాక్సిలరేటర్ వదిలేసి దిగి, మళ్లీ తొక్కగానే వెనుక నీలం పొగ కనిపిస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. ఇలాంటి కార్లు మలుపుల్లో గోడలను ముద్దాడటం మామూలే కాబట్టి పెయింట్ మందం కొలిచే చిన్న యంత్రం ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక రెక్క మీద మాత్రం ఆ అంకె అనేక రెట్లు పెరిగిందంటే కింద పుట్టీ ఉంది. బోనెట్ కబ్జాల బోల్టుల మీద స్పానర్ గీతలు ఉన్నాయేమో కూడా చూడండి, చిన్న ప్రమాదాలైతే అక్కడే దొరికిపోతాయి. మార్పులు చేయని, రంగు వెలిసిన, సర్వీసు కాగితాలు పూర్తిగా ఉన్న కారు ఇంకొకటి దొరికితే, నేనైతే ఈ సైలెన్సర్ గొంతు మళ్లీ గుర్తు చేసుకోను.

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. కూపే వెనుక సీటు సరిపోతుందా?

జవాబు: కూపే అన్న మాటకు ఫ్రెంచిలో కోసేసినదని అర్థం. గుర్రబ్బండి రోజుల్లో వెనుక భాగం కోసి పొట్టి చేసిన బండికి పెట్టిన పేరు అది, కోత ఇప్పటికీ వెనుక కూర్చునేవారికే పడుతోంది. పాపనూ, పాప కూర్చునే చైల్డ్ సీటునూ షోరూంకు తీసుకెళ్లి, ముందు సీటును మీ కాళ్లకు సరిపడేంత వెనక్కి జరిపిన తరువాత, ఆ సీటును మీ చేతులతో మీరే బిగించి చూడండి. పొడుగాటి తలుపును పూర్తిగా తెరవడానికి చోటులేని పార్కింగ్‌లో, నిద్రపోతున్న పిల్లను అందులోంచి తీయడం ఎలాగో కూడా అక్కడే ఒకసారి ప్రయత్నించండి.